ఫ్రీస్టైల్‌లో తల దించడం నేర్చుకున్నాక

బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ ఈదే ఫ్రీస్టైల్‌ ఈతలో నా వేగం పెరగకపోవడానికి చేతుల్లో బలం చాలకపోవడమే కారణమని చాలాకాలం నమ్మాను; అసలు లోపం తల ఎత్తి ముందుకు చూడడంలో ఉంది. తల లేస్తే నడుమూ కాళ్లూ కిందికి దిగుతాయి, గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రత గల నీరు అలా వాలిన శరీరాన్ని గట్టిగా అడ్డుకుంటుంది. అందుకే చూపును కొలను అడుగున నిలిపి, ముఖం నీటిలో ఉన్నంతసేపూ గాలిని నెమ్మదిగా వదులుతూ, ఊపిరి కోసం తలను ఎత్తకుండా శరీరంతో పాటే పక్కకు తిప్పడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు కూడా ఒక కన్ను నీటిలోనే ఉండాలి. అరచేతితో నీటిని కిందికి అదమడం వృథా. మోచేతిని ఎత్తుగా ఉంచి, ముంజేయి మొత్తంతో వెనక్కి నెట్టాలి. 25 మీటర్లకు 24 బారలు వేసే నేను ఇప్పుడు 19 బారలకే అవతలి గోడను అందుకుంటున్నాను. ఎడమవైపు ఊపిరి మాత్రం ఇంకా కుదరలేదు.