గాలి మూస్తే ముల్లు ఎందుకు పైకెక్కుతుంది?

అమెరికాలోని వెర్మాంట్‌ రాష్ట్రంలో ఊరికి కాస్త దూరంగా ఉండేవాళ్లలో చలికాలమంతా కట్టెల పొయ్యితోనే ఇల్లు వెచ్చబెట్టుకునేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. మాదీ అలాంటి ఇల్లే. మేము వాడుతున్నది క్యాటలిటిక్ పొయ్యి, అంటే కట్టె నుంచి లేచిన పొగను నేరుగా గొట్టంలోకి వదలకుండా క్యాటలిస్టు అనే ఒక ఉత్ప్రేరకపు దిమ్మె గుండా పంపి, అక్కడ దాన్ని మళ్లీ కాల్చే పొయ్యి. దాని పైభాగంలో ఒక థర్మామీటరు ఉంటుంది. కొత్తగా ఇలాంటి పొయ్యి పెట్టించుకున్న మిత్రులు అడిగే మొదటి ప్రశ్న, ఆ థర్మామీటరు ముల్లు ఎక్కడుండాలన్నదే. ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు గాని, ముల్లు దేన్ని కొలుస్తోందో తెలియకుండా ఆ అంకెను పట్టుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. అది మంట వేడిని చూపదు. క్యాటలిస్టుకు ఎంత పొగ అందుతోందో, అందులో ఎంత అక్కడ కాలుతోందో, ఆ ఫలితాన్ని చూపుతుంది. ఈ పొయ్యి విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

కట్టె వేడెక్కినప్పుడు ముందు అందులోని నీరు ఆవిరవుతుంది, ఆ తర్వాత కట్టె విచ్ఛిన్నమై మండే వాయువులనూ తారునూ వదులుతుంది, చివరికి బొగ్గు మిగులుతుంది. కట్టెలోని శక్తిలో పెద్ద వాటా ఆ వాయువుల్లోనే ఉంటుంది. అవి తమంతట తాము అంటుకోవాలంటే సుమారు 1,000 డిగ్రీల ఫారన్‌హీట్‌ పైన వేడి కావాలి. గాలి తగ్గించి నెమ్మదిగా మండిస్తున్న పొయ్యిలో అంత వేడి ఉండదు కనుక అవి పొగగా పైకి పోయి, గొట్టంలో చల్లబడి, జిగట మసిగా పేరుకుంటాయి. తేనెపట్టులా సన్నని గదులున్న పింగాణీ దిమ్మెకో, ఉక్కు రేకుల దిమ్మెకో పల్లాడియం, ప్లాటినం వంటి లోహాల పూత పూసి పొగ దారిలో పెడితే, అదే పొగ 500 డిగ్రీల దగ్గరే, అంటే 260 సెల్సియస్ దగ్గరే కాలడం మొదలుపెడుతుంది. ఈ దిమ్మె కార్ల నుంచి పొయ్యికి వచ్చింది; 1970ల తొలినాళ్లలో కార్నింగ్ సంస్థ కార్ల పొగగొట్టాల కోసం తయారుచేసిన పింగాణీ దిమ్మెలే దీనికి మూలం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1988లో పొయ్యిలకు నిబంధనలు తెచ్చినప్పుడు, 1990 నుంచి తయారయ్యే క్యాటలిటిక్ పొయ్యి గంటకు 4.1 గ్రాములు, క్యాటలిస్టు లేని పొయ్యి 7.5 గ్రాములకు మించి పొగ కణాలను వదలకూడదని పెట్టింది. క్యాటలిస్టు వాడుకలో నీరసపడుతుందని అప్పుడే లెక్కలోకి తీసుకోవడం వల్లనే దానికి కఠినమైన హద్దు గీశారు. 2020 మే నుంచి కొత్త పొయ్యిలకు ఆ హద్దు, రెండు రకాలకూ సమానంగా, 2 గ్రాములకు తగ్గింది. పరీక్ష కోసం కొలత ప్రకారం కోసిన చెక్కలతో కాకుండా, ఇళ్లలో వాడే కట్టెలతోనే పరీక్షిస్తే 2.5 గ్రాములు.

పొయ్యి రాజేసేటప్పుడు బైపాస్ తెరిచి ఉంచాలి. అప్పుడు పొగ క్యాటలిస్టును తప్పించుకుని నేరుగా గొట్టంలోకి పోతుంది. సన్నని పేళ్లూ, వాటి మీద చిన్న మొద్దులూ బాగా మండి, పొయ్యి లోపలి ఇటుకలు వేడెక్కి, ముల్లు 500 దాటిన తర్వాతే బైపాస్ మూయాలి. ముల్లు గీతను తాకిన మరుక్షణమే మూసేయడం తొందరపాటు అని నా అభిప్రాయం. ఆ గీత కేవలం అర్హత. చుట్టూ ఉన్న ఇనుమూ ఇటుకా ఇంకా చల్లగా ఉంటే మూసిన నాలుగైదు నిమిషాల్లోనే ముల్లు మళ్లీ కిందికి జారుతుంది. సరిగ్గా అందుకున్న క్యాటలిస్టు దగ్గర జరిగేది వేరు: మూయగానే ముల్లు ఒక క్షణం తటపటాయించి, తర్వాత ఎవరో తోస్తున్నట్టు 700, 900 దాటి పైకి పోతుంది, అద్దం వెనుక దిమ్మె అంచులు మసక నారింజ రంగులోకి తిరుగుతాయి. ఆ రంగు 1,000 డిగ్రీల పైనే కనబడుతుంది కనుక, అది కనబడనంత మాత్రాన క్యాటలిస్టు పనిచేయడం లేదనుకోనక్కరలేదు.

థర్మామీటర్ల గురించి ఒక మాట. కొన్ని పొయ్యిలలో దాని కడ్డీ క్యాటలిస్టుకు ఎగువన, కొన్నింటిలో దిగువన, కొన్నింటిలో దాదాపు ఆనుకుని ఉంటుంది. అందువల్ల పక్కింటివారి పొయ్యిలో 1,200 అంటే మన పొయ్యిలోనూ అదే అనుకోవడానికి వీల్లేదు. పైగా లోపల జరిగిన మార్పు చుట్ట తీగ ఉన్న కడ్డీ థర్మామీటరు ముల్లులో కొంత ఆలస్యంగానే కనిపిస్తుంది; థర్మోకపుల్‌తో, అంటే వేడిని విద్యుత్ సంకేతంగా మార్చే తీగతో పనిచేసే డిజిటల్ మీటరు పెట్టుకుంటే ఆ ఆలస్యం తగ్గుతుంది గాని, ప్రతి చిన్న కదలికకూ కంగారుపడే అలవాటు కూడా దానితోపాటే వస్తుంది. గొట్టానికి అయస్కాంతంతో అంటించే థర్మామీటరు ఇంకో కథ. ఒంటి పొర గొట్టం మీద అది చూపే వేడి లోపలి వాయువుల వేడిలో ఇంచుమించు సగమే ఉంటుంది, జంట పొరల గొట్టం మీదైతే అది చెప్పేదాన్ని అసలు లెక్కపెట్టకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. రాత్రి పడుకోబోయే ముందు నిప్పుల మీద పొయ్యి నిండా కట్టెలు పేర్చి, అవి అంటుకున్నాక గాలి తగ్గించామనుకోండి. మంట చల్లారినట్టు కనిపిస్తుంది, ముల్లు మాత్రం 1,200, 1,400 దాటి 1,600 వైపు పోతుంది. వేడి పెరుగుతోంది కదా అని చెయ్యి దానంతటదే గాలి పిడి మీదికి వెళ్లి, ఉన్న కాస్త గాలినీ మూసేస్తుంది. ముల్లు ఇంకా పైకెక్కుతుంది. చూసేవారికి ఇది విడ్డూరంగా ఉంటుంది గాని, ముల్లు దేన్ని కొలుస్తుందో గుర్తుంచుకుంటే ఇందులో విడ్డూరమేమీ లేదు. నిప్పుల వేడికి కట్టెలు వాయువులను వదులుతూనే ఉన్నాయి. మంట ఉన్నంతసేపు వాటిలో చాలా భాగం పొయ్యిలోనే కాలిపోయింది. గాలి మూసి మంటను చంపేసరికి ఆ భారమంతా ఒక్కసారిగా క్యాటలిస్టు మీద పడింది. ఇలాంటప్పుడు గాలిని కొద్దిగా పెంచాలి. కట్టెల మీద మళ్లీ మంట లేస్తుంది, పొగ అక్కడే కాలుతుంది, కొన్ని నిమిషాల్లో ముల్లు దిగడం మొదలవుతుంది. పొయ్యి శరీరం వేడి మాత్రం కొంత పెరుగుతుంది, అందుకు సిద్ధంగా ఉండాలి. 1,400 దాకా వెళ్లి రావడం మామూలే. 1,600 దాటి అక్కడే నిలిచిపోతే లోహపు పూత దెబ్బతింటుంది, పింగాణీ పెళుసుబారి పొడిగా రాలుతుంది.

దీన్ని ఇంకొక పరిస్థితితో కలిపి చూడకూడదు. క్యాటలిస్టు వేడిగా ఉండి పొయ్యి ఒళ్లు మామూలుగా ఉండడం ఒకటి. పొయ్యి ఒళ్లూ గొట్టమూ కూడా కణకణలాడుతూ, లోపల మంట హోరెత్తుతూ ఉండడం మరొకటి. రెండోది అతిగా మండడం. అప్పుడు గాలి మూయడమే సరైనది, తలుపు తెరవడం ప్రమాదం. గొట్టంలో రైలు వెళ్తున్నట్టు శబ్దం వస్తే అది గొట్టంలో పేరుకున్న మసి అంటుకోవడమే కావచ్చు కనుక, గాలి మూసి, ఇంట్లోవారిని బయటికి పంపి అత్యవసర సహాయానికి 911కు ఫోన్ చేయాలి. పొయ్యిని చక్కదిద్దే ప్రయత్నాలకు అది వేళ కాదు.

ఒక శీతాకాలం మాతో గడపడానికి వచ్చిన మా అమ్మ ఈ తతంగమంతా చూసి, “ఇదేం పొయ్యిరా, మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగడానికి కూడా లేదు” అంది. ఆమె మాటలో సగం పాఠం ఉంది. మన ఊళ్లలోని మూడు రాళ్ల పొయ్యిలో మంటను తగ్గించేది కట్టెను లాగడంతోనే, అంటే వాయువులు పుట్టే చోటునే తగ్గిస్తాం. మూతపడిన ఈ ఇనుప పొయ్యిలో ఒకసారి పేర్చిన కట్టెను లాగలేం. కాబట్టి పేర్చేటప్పుడే లాగేపనికి బదులు చూసుకోవాలి. సన్నగా చీల్చిన ఎండు పేళ్లతో పొయ్యి నింపితే గాలి తగిలే ఉపరితలం ఎక్కువై, అన్నీ ఒకేసారి వాయువులు వదులుతాయి. రాత్రికి లావుపాటి మొద్దులు కావాలి, వాటిని సందుల్లేకుండా పేర్చాలి, నిప్పులు మరీ ఎక్కువగా ఉంటే వాటిని ముందుకు లాగి కొంతసేపు కాలనివ్వాలి. గాలిని కూడా ఒక్కసారిగా కాకుండా, ముల్లు నిలకడపడేదాకా ఆగుతూ అంచెలంచెలుగా తగ్గించాలి. బ్లేజ్ కింగ్ వంటి కొన్ని పొయ్యిలలో రెండు లోహాల చుట్ట తీగ ఒకటి గాలి మూతను తనే సర్దుతుంటుంది. అది పొయ్యి వేడిని బట్టి కదులుతుంది గాని క్యాటలిస్టు వేడిని చూసి కాదు కనుక, కొత్తగా కట్టెలు వేసిన తర్వాత మొదటి అరగంట మనిషి దగ్గరుండడమే మంచిది.

కట్టె ఎండకపోతే పైన చెప్పినవేవీ పనిచేయవు. నీటి శాతం 20 లోపు ఉండాలి. దాన్ని కొలవాలంటే మొద్దు చివర కాకుండా, ఇంటి వెచ్చదనానికి వచ్చిన మొద్దును అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద మీటరు సూదులు గుచ్చాలి. ఇక్కడ కట్టెను కార్డుల లెక్కన అమ్ముతారు. నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల పొడవున్న మోపు, అంటే 128 ఘనపుటడుగులు ఒక కార్డు. “ఏడాది ఎండినవి” అని హామీ ఇచ్చి ఒక వ్యాపారి మాకు పంపిన ఎర్ర ఓక్ మొద్దులను చీల్చి కొలిస్తే మీటరు 30 దాటింది. ఓక్‌కు ఏడాది చాలదు, చీల్చి పేర్చిన తర్వాత రెండేళ్లయినా కావాలి. యాష్, మేపుల్ అంతకన్నా త్వరగా ఎండుతాయి. పచ్చి కట్టె వేస్తే పుట్టిన వేడిలో పెద్ద భాగం నీటిని మరిగించడానికే పోతుంది, క్యాటలిస్టు 500 కిందికి జారిపోతుంది, అదీ కాక వేడెక్కిన పింగాణీ మీదికి ఒక్కసారిగా చల్లని తేమ వాయువు వచ్చి దిమ్మె పగలవచ్చు. మంచు అంటిన మొద్దులను ముందురోజే ఇంట్లోకి తెచ్చి ఆరబెట్టుకోవాలనడానికీ, కొత్త కట్టెలు వేసే ముందు బైపాస్ తెరిచి, అవి అంటుకుని తేమ పోయేదాకా పది నిమిషాలైనా మూయవద్దనడానికీ కారణం ఇదే.

వాతావరణం కూడా ముల్లును కదిలిస్తుంది. జనవరిలో సున్నా ఫారన్‌హీట్‌కు దిగువన గడ్డకట్టే రాత్రుల్లో గొట్టం పొగను గట్టిగా పైకి లాగుతుంది, అదే గాలి సర్దుబాటుకు క్యాటలిస్టు వేడి పెరుగుతుంది. ఏప్రిల్‌లో బయట 50 డిగ్రీలుండే మబ్బు పగళ్లలో గొట్టం సరిగ్గా లాగదు. అప్పుడు గాలి మరీ తగ్గిస్తే వాయువులు లోపల నిలిచి, ఒక్కసారిగా భగ్గుమని, పొయ్యి సందుల నుంచి పొగ గదిలోకి ఊదుతుంది. అలాంటి రోజుల్లో చిన్న మంట వేసి త్వరగా కాల్చివేయడమో, అసలు పొయ్యి వెలిగించకపోవడమో మేలు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఏ కాలంలోనైనా ఉండి తీరాలి.

కట్టె బొగ్గయ్యాక ముల్లు 500 కిందికి రావడం మాత్రం చింతించవలసిన విషయం కాదు. బొగ్గు నుంచి పొగ రాదు, క్యాటలిస్టుకు పని లేదు, అంతే. ఆ వేళ ఇంటి బయటికి వెళ్లి గొట్టం చివర చూస్తే వేడి గాలి కదలిక తప్ప ఏమీ కనిపించదు. అసలు ముల్లును నమ్మాలా వద్దా అన్న సందేహం వచ్చినప్పుడల్లా ఆ గొట్టం చివరే సాక్షి. తెల్లగా వచ్చి కొన్ని అడుగుల్లో మాయమైపోతే అది నీటి ఆవిరి. నీలం కలిసిన బూడిద రంగులో చెట్ల మీదుగా సాగుతూ పోతే అది కాలని పొగ. ముల్లు 700 దగ్గర ఉన్నా అలాంటి పొగ వస్తుంటే దిమ్మె నీరసపడిందనో, దాన్ని చుట్టి పొగ తప్పించుకుంటోందనో అర్థం.

అలా నీరసపడడానికి మొదటి కారణం ఎగిరే బూడిద గదులను మూసేయడం. పొయ్యి పూర్తిగా చల్లారాక దిమ్మెను మెత్తని కుంచెతో దులిపితే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ కోలుకోకపోతే తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి అందులో కాసేపు మరిగించి, శుభ్రమైన నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తర్వాత బిగించడం చాలామంది పాటించే పద్ధతి. రంగు వేసిన చెక్క, మందు పట్టించిన కలప, రంగు కాగితాలు, చెత్త వేసినవారికి మాత్రం ఈ స్నానం వల్ల ప్రయోజనం తక్కువ. వాటిలోని సీసం, జింకు వంటివి పూత మీద అంటుకుని దాన్ని పనికిరానిదిగా చేస్తాయి. మంచి కట్టెతో జాగ్రత్తగా వాడినా, 10,000 గంటలు దాటిన దిమ్మెను మార్చవలసి రావడం సహజమే.

దిమ్మె కొత్తది, కట్టె ఎండినది, అయినా గాలి ఎంత తగ్గించినా మంట తగ్గడం లేదంటే తలుపు చుట్టూ గాలి చొరబడకుండా బిగించిన తాడును, అంటే గాస్కెట్‌ను చూడండి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు ఒక డాలరు నోటును గాస్కెట్ మీద పెట్టి తలుపు మూసి లాగి చూడాలి; ఏదైనా ఒక మూల నోటు సునాయాసంగా జారి వస్తే గాలి అక్కడి నుంచే లోపలికి చొరబడుతోంది, ఆ తాడు మార్చేదాకా గాలి పిడిని ఎటు తిప్పినా ముల్లు మన మాట వినదు.