టామీ జాన్ ఎడమ చెయ్యి

మెడికల్ కాలేజీ ఫస్టియర్ అనాటమీ హాల్లో మనందరం చేసిన పని ఒకటుంది. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి నొక్కి, మణికట్టు కొంచెం వంచి, ముంజేతి మధ్యలో సన్నటి తాడులా ఏదైనా పైకి లేస్తుందేమో చూసుకోవడం. లేస్తే అదే పాల్మారిస్ లాంగస్ అనే కండరం తాలూకు టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు. మన బ్యాచ్‌లో కొందరికి లేవలేదు, పాపం చాలా టెన్షన్ పడ్డారు. సార్ దగ్గరికొచ్చి, అది లేకుండా పుట్టేవాళ్లు బోలెడుమంది ఉంటారని, లేనంత మాత్రాన చేతి పని ఏదీ ఆగదని సర్దిచెప్పారు. ఎక్కడైనా టెండన్ కావలసి వస్తే సర్జన్లు ముందు దీని కోసమే వెతుకుతారని కూడా అన్నారు. ఆయన పాఠాల్లో ఇంత చెక్కుచెదరకుండా నాకు గుర్తున్నవి తక్కువ.

రీహాబిలిటేషన్ మెడిసిన్‌లో, అంటే గాయాల తర్వాత శరీరాన్ని మళ్లీ పనికి తెచ్చే వైద్యంలో, రెసిడెన్సీ కోసం నేను ఇండియానా రాష్ట్రానికి వచ్చాను. మోచేతి నొప్పితో మా క్లినిక్‌కి వచ్చే కుర్రాళ్లలో బేస్‌బాల్ పిచర్లే ఎక్కువ. కూర్చోగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "టామీ జాన్ చేయించుకోవాలా డాక్టర్?" టామీ జాన్ అంటే వాళ్లకి ఒక మోచేతి ఆపరేషన్. అది బతికున్న ఒక మనిషి పేరని, ఆయన 1943లో ఇదే రాష్ట్రంలో, టెరె హోట్ అనే ఊళ్లో పుట్టారని చెబితే కొందరు ఆశ్చర్యపోయేవాళ్లు. మనలో ఆర్థోపెడిక్స్ చేసినవాళ్లకి కూడా ఆపరేషన్ తెలిసినంతగా ఆ మనిషి తెలియదు. అందుకే మన సంచికలో ఆయన గురించి రాద్దామనిపించింది.

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి పిచర్ పని కాస్త చెప్పాలి. మన బౌలర్ పరుగెత్తుకొచ్చి, మోచెయ్యి చాచి, భుజం మీదుగా బంతి వేస్తాడు. పిచర్‌కి రనప్ ఉండదు. మౌండ్ అనే చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, మోచెయ్యి వంచి, ఒక్క ఊపులో విసరాలి. బ్యాటర్ ఉండేది 18 మీటర్లకు కొంచెం పైన. వెనక్కి వెళ్లిన చెయ్యి గిర్రున ముందుకు తిరిగే ఆ క్షణంలో లాగుడంతా మోచేతి లోపలి వైపు రెండు ఎముకల్ని కట్టిపట్టే అల్నార్ కొల్లేటరల్ లిగమెంట్ మీద పడుతుంది. జావెలిన్ విసిరేవాళ్లలో ఈ గాయం గురించి 1946లోనే రాశారు. కానీ 1974 దాకా దానికి మందూ లేదు, కత్తీ లేదు. లిగమెంట్ తెగిన పిచర్ ఇంటికి వెళ్లి వేరే ఉద్యోగం చూసుకోవలసిందే.

టామీ జాన్‌ది ఎడమచేతి వాటం. భయపెట్టేంత వేగం ఆయనకు ఎప్పుడూ లేదు. ఆయన నమ్ముకున్నది సింకర్. బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి బంతి కిందికి దిగిపోతుంది. బ్యాటర్ కొట్టినా అది నేల మీద దొర్లుతూ ఫీల్డర్ల చేతుల్లోకి పోతుంది. 1963 సెప్టెంబరులో, 20 ఏళ్ల వయసులో క్లీవ్‌లాండ్ తరఫున మొదటిసారి పెద్ద లీగ్‌లో, అంటే మేజర్ లీగ్‌లో, ఆడారు. 1965 నుంచి ఏడు సీజన్లు షికాగో వైట్ సాక్స్‌లో ఉన్నారు. 1971 డిసెంబరులో ఆ జట్టు డిక్ ఆలెన్ అనే గొప్ప బ్యాటర్ కోసం ఈయన్ని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి ఇచ్చేసింది. అప్పటికి ఆయన మంచి పిచర్, అంతే. గొప్ప పిచర్ అని ఎవరూ అనేవారు కాదు.

1974 సీజన్ బ్రహ్మాండంగా మొదలైంది. బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలుపోటముల్ని పిచర్ పేరు మీద కూడా రాస్తారు. సగం సీజన్‌కే ఆయన పేరున 13 విజయాలు, ఓడినవి 3. జులై 17న సొంత మైదానంలో మాంట్రియల్ ఎక్స్‌పోస్‌తో మ్యాచ్. బేస్‌బాల్ మ్యాచ్‌లో మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. మూడో ఇన్నింగ్స్‌లో ఒక బంతి విసరగానే చెయ్యి చచ్చుబడినట్టయింది. ఇంకొకటి విసిరి చూశారు, అదీ అంతే. తనే మౌండ్ దిగి బయటికి నడిచారు. అప్పుడాయన వయసు 31.

డాడ్జర్స్ డాక్టర్ ఫ్రాంక్ జోబ్. రెండో ప్రపంచ యుద్ధంలో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో వైద్య విభాగంలో పనిచేసి వచ్చి, ఆ తర్వాత డాక్టరైన మనిషి. చేతి సర్జరీల్లో, పోలియో పేషెంట్లలో టెండన్లు ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడం అప్పటికే ఉంది. అదే పని పిచర్ మోచేతిలో ఎందుకు చేయకూడదన్నది ఆయన ఆలోచన. మళ్లీ పెద్ద లీగ్‌లో ఆడే అవకాశం నూటికి ఒక వంతు ఉంటుందని పేషెంట్‌కి దాచకుండా చెప్పారు. 1974 సెప్టెంబరు 25న ఆపరేషన్ జరిగింది. కుడి ముంజేతి నుంచి పాల్మారిస్ లాంగస్ తీశారు. ఎడమ మోచేతి దగ్గర రెండు ఎముకలకీ రంధ్రాలు చేసి, అందులోంచి ఎనిమిది అంకె ఆకారంలో దాన్ని అల్లి బిగించారు. మన సార్ పాఠం నాకు సరిగ్గా ఇక్కడే కళ్లముందు కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి కథ రీహాబ్ వాళ్లది కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. ఆపరేషన్ తర్వాత మోచేతి పక్కగా వేళ్లకు వెళ్లే అల్నార్ నర్వ్ అనే నరం దెబ్బతిని, వేళ్లు ముడుచుకుపోయి, పట్టు పోయింది. నరాన్ని పక్కకి జరపడానికి రెండో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నరం ఎంత మెల్లగా కోలుకుంటుందో మనకు తెలుసు. ఈ రోజు మా దగ్గరికి వచ్చే పిల్లాడికి ఏ వారం ఏం చేయాలో రాసిన కాగితం చేతిలో పెడతాం. ఎన్ని నెలలకు బంతి పట్టాలి, ఎంత దూరం విసరాలి, అన్నీ అందులో ఉంటాయి. టామీ జాన్‌కి అలాంటి కాగితం లేదు. ఆయనకంటే ముందు ఆ దారిన వెళ్లినవాళ్లెవరూ లేరు. 1975 సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా, వేళ్లు కదులుతాయన్న హామీ ఎవరూ ఇవ్వకుండా, రోజూ బంతి పట్టుకుని సాధన చేశారు. తోటి పిచర్ మైక్ మార్షల్ శరీర కదలికల శాస్త్రం చదువుకున్నవాడు. విసిరే పద్ధతి మార్చుకోవడంలో అతను సాయపడ్డాడు. జోబ్ పెట్టిన టెండన్ మెల్లగా లిగమెంట్‌గా మారేదాకా ఓపిక పట్టింది మాత్రం టామీ జాన్. సర్జన్ల మీద నాకు ఎంత గౌరవమున్నా, ఈ మాట గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

1976 ఏప్రిల్‌లో మళ్లీ మౌండ్ ఎక్కారు. ఆ ఏడాది 10 గెలిచి 10 ఓడారు, 207 ఇన్నింగ్స్ వేశారు. 1977లో 20 విజయాలు. న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్లాక 1979లో 21, 1980లో 22. మంచి చెయ్యి ఉన్న రోజుల్లో ఒక్కసారీ అందని 20 విజయాల సీజన్, అతుకు వేసిన చేత్తో మూడుసార్లు వచ్చింది. ఆపరేషన్‌కి ముందు 124 విజయాలు, తర్వాత 164. యాంకీస్ తర్వాత కాలిఫోర్నియాలో ఏంజెల్స్, ఓక్లాండ్ జట్లకు ఆడి మళ్లీ యాంకీస్‌కే వచ్చి, 1989లో 46 ఏళ్ల వయసులో ఆట మానేశారు. మొత్తం 26 సీజన్లు, 288 విజయాలు.

ఆయనకు వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివర జరిగే ఫైనల్, మాత్రం దక్కలేదు. 1977, 1978లలో డాడ్జర్స్‌లో ఉండగా యాంకీస్ చేతిలో ఓడారు. 1981కి యాంకీస్‌లో ఉన్నారు, ఈసారి డాడ్జర్స్ గెలిచింది. ఆరో మ్యాచ్‌లో స్కోరు 1-1 ఉండగా నాలుగో ఇన్నింగ్స్‌లోనే ఆయన్ని తీసేశారు. యాంకీస్ 9-2తో ఓడింది. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ నా అభిప్రాయం.

జోబ్ తొందరపడలేదు. మొదటి పేషెంట్ నిలదొక్కుకోవడం చూశాకే మిగతావాళ్లకు ఆ ఆపరేషన్ చేశారు. 1986లో పద్ధతి మొత్తం పేపర్‌గా రాశారు. ఆ ఆపరేషన్ చేయించుకున్న పిచర్లలో బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకి దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అందరికంటే ముందు, 2015లో, జాన్ స్మోల్ట్జ్ వెళ్లాడు. జపాన్ నుంచి వచ్చిన స్టార్ షోహెయ్ ఒహ్తాని కూడా 2018లో చేయించుకున్నవాడే.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఇప్పుడు ఈ సర్జరీకి వచ్చేవాళ్లలో పెద్ద భాగం 15 నుంచి 19 ఏళ్ల పిల్లలు. అమెరికాలో ఉన్న మన కుటుంబాల పిల్లలు కూడా పిల్లల బేస్‌బాల్ అయిన లిటిల్ లీగ్‌లో ఆడుతున్నారు కాబట్టి మిత్రులకు చెబుతున్నాను: ఏడాది పొడవునా ఒకే ఆట వద్దు. ఒక రోజు ఎన్ని బంతులు వేయాలో లెక్క ఉంది, కోచ్ మర్చిపోయినా మీరు మర్చిపోవద్దు. చెయ్యి నొప్పి అని పిల్లాడు అంటే ఆ రోజు ఆట ఆపేయండి. టామీ జాన్ స్కూల్లో ఉండగా బాస్కెట్‌బాల్‌లో కూడా స్టారే.

టామీ జాన్ ఇంకా హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేరు. 2009తో జర్నలిస్టుల ఓటింగ్‌లో 15 ఏళ్ల గడువు అయిపోయింది. 2013లో హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో జోబ్‌ని సత్కరించినప్పుడు టామీ జాన్ అతిథిగా వెళ్లారు. 2024 డిసెంబరులో పాత ఆటగాళ్ల కమిటీ కూర్చుంది. 16 ఓట్లలో 12 కావాలి, ఆయనకు 7 వచ్చాయి. ఆ రోజు ఎన్నికైన ఇద్దరిలో ఒకరు డిక్ ఆలెన్. 1971లో ఎవరి కోసం ఈయన్ని ఇచ్చేశారో ఆ డిక్ ఆలెనే. ఆలెన్‌కి అది న్యాయంగా రావలసిందే, కాకపోతే ఆయన చనిపోయాక వచ్చింది. కమిటీ మళ్లీ కూర్చునేది 2027 డిసెంబరులో. అప్పటికి టామీ జాన్‌కి 84 ఏళ్లుంటాయి. ఈసారైనా, ఆయన ఉండగానే, ఆ 12 ఓట్లు రావాలని కోరుకుంటున్నాను.