పేపర్లో తిప్పతీగ

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ, అంగడి రోజు.

పొద్దున చాయ్ హోటల్ బల్ల మీద రెండు పేపర్లు పడి ఉన్నాయి. ఒకటి ప్రాణహిత వంతెన దాటి వచ్చిన తెలుగు పేపరు, ఇంకొకటి మరాఠీది. తెలుగు పేపరు ఆరోగ్యం పేజీలో తిప్పతీగ మీద అరపేజీ రాశారు. ఒంట్లో రోగనిరోధక శక్తి పెరుగుతుందట, షుగర్ దిగుతుందట, కీళ్లనొప్పులు పోతాయట. రోజూ పరగడుపున ఒక గ్లాసు తాగమన్నారు. మరాఠీ పేపర్లో అదే తీగ మీద చిన్న వార్త: గుళవేల్ తాగితే లివర్ చెడుతుంది, జాగ్రత్త.

రెండూ చదివిన మనిషి ఏం చెయ్యాలి? ఇంటి వెనక వేపచెట్టుకు పాకిన తీగను ఉంచాలా, పీకెయ్యాలా? ఆ రెండు వార్తల్లో దేనితోనూ ఆ సంగతి తేలదు. ఏ మొక్క, దాంట్లో ఏ భాగం, ఎంత, ఎవరు తాగారు అన్న నాలుగు ముక్కలు రెండింట్లోనూ లేవు. మూలికల వార్తల్లో పక్షపాతం అనగానే ఇంగ్లీషు మందుల వైపా, ఆయుర్వేదం వైపా అని వాదన మొదలవుతుంది. నాకు కనబడే పక్షపాతం అంతకంటే ముందే ఉంది. ఈ నాలుగూ ఎత్తేసిన వార్తను ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. కంపెనీకి కావాలంటే అమృతం, సంచలనం కావాలంటే విషం.

తిప్పతీగ సంగతే తీసుకుంటే, 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ముంబైలో లివర్ దెబ్బతిని వచ్చిన ఆరుగురి గురించి అక్కడి డాక్టర్లు 2021లో ఒక వైద్య పత్రికలో రాశారు. వాళ్లంతా తిప్పతీగ వాడినవాళ్లే. వాళ్లు తాగింది నిజంగా తిప్పతీగేనని తేల్చకుండా రాశారని, దాన్ని పోలిన వేరే తీగ అయి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అదే ఏడాది జూలైలో జవాబిచ్చింది. 2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలతో ఇంకో అధ్యయనం వచ్చింది. తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి లక్షణాలు బయటపడేదాకా మధ్యస్థంగా 46 రోజులు పట్టింది. అందులో ఎక్కువగా కనిపించింది ముందే ఉన్న లివర్ జబ్బు ఒక్కసారిగా ముదరడం. లివర్ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేసిన కొందరిలో సొంత రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద తిరగబడ్డ గుర్తులు కనిపించాయి.

ఈ ఒక్క ముక్క రెండు పేపర్లూ రాసి ఉంటే చదివేవాళ్లకు ఎంత మేలు జరిగేదో. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే గుణం ఉన్న మూలిక, ఆ వ్యవస్థ ముందే అదుపు తప్పి ఉన్నవాళ్లలో హాని చేయవచ్చన్నది డాక్టర్ల వివరణ. రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బులు ఆ కోవలోవే. అంటే ‘కీళ్లనొప్పులు పోతాయి’ అని తెలుగు పేపరు ఎవరిని పిలిచి తాగమంటోందో, వాళ్లలోనే కొందరు తాగకూడనివాళ్లు. షుగర్ మాత్రలు మింగేవాళ్లకు చక్కెర మరీ కిందికి దిగే ప్రమాదం ఇంకొకటి. అవయవ మార్పిడి అయి మందుల మీద ఉన్నవాళ్లు అసలు దాని జోలికి పోకూడదు.

అటు మరాఠీ వార్తకూ ఇంతే లోటుంది. అధ్యయనంలో 43 మంది అన్నారు, మరి ఎంతమంది తాగితే? కోవిడ్ రోజుల్లో దేశమంతా కషాయాలు తాగింది, లెక్క ఎవరూ రాయలేదు. మొత్తం తాగినవాళ్లు ఎంతమందో తెలియకుండా ఈ 43తో ‘తాగితే లివర్ పోతుంది’ అని శీర్షిక పెట్టడం తప్పు. అదే కారణంతో ‘మా తాతల కాలం నుంచి తాగుతున్నాం, ఏమీ కాలేదు’ అన్న మాట కూడా నిలబడదు. ఏమైనా అయినవాళ్లను అప్పుడు లెక్కపెట్టిందెవరు?

మధ్యాహ్నం అంగడిలో తిప్పతీగ కట్టలు అమ్మకానికి ఉన్నాయి. బొటనవేలంత లావు కాడలు, జానెడు ముక్కలు, ఆకులన్నీ దూసేసి గడ్డితాడుతో కట్టినవి. మొక్క ఏదో తేల్చాలంటే ఇక్కడే తేల్చాలి. కాడ మీద బూడిదరంగు పల్చటి పొర ఉంటుంది, గోటితో గీకితే కాగితంలా లేస్తుంది, కింద పచ్చదనం కనబడుతుంది. అడ్డంగా కోస్తే మధ్య నుంచి అంచుల దాకా బండిచక్రం ఆకుల్లా గీతలు విచ్చుకుని ఉంటాయి. పైన చిన్న చిన్న చుక్కల్లాంటి బుడిపెలు మామూలే. అలా కాక ఒళ్లంతా పులిపిరుల్లా పెద్ద పెద్ద బొడిపెలు లేచి, కోసినచోట పాలలాంటి రసం కారితే అది తిప్పతీగ కాదు, దాని జాతిదే అయిన వేరే తీగ. 2021లో ఆయుష్ శాఖ హెచ్చరించింది ఈ తీగ గురించే. ఇంకో దగ్గరి చుట్టం కూడా ఉంది, దాని ఆకు అడుగున వేలు రాస్తే మెత్తటి నూగు తగులుతుంది. అసలు తిప్పతీగ ఆకు రెండు వైపులా నున్నగా, తమలపాకు ఆకారంలో ఉంటుంది. ఆకు దూసేసి అమ్మితే ఈ గుర్తు పోతుంది. పొడి చేసి డబ్బాలో పోస్తే గుర్తులన్నీ పోతాయి. అందుకే కొనేటప్పుడు ఒక కాడైనా ఆకుతో ఇమ్మని అడగాలి. అడవి నుంచి తెచ్చే అక్కలు కాదనరు, అడిగేవాళ్లే లేరు.

ఇక పేపరు చెప్పిన గ్లాసు. ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే ప్రభుత్వం అచ్చువేసే మందుల ప్రమాణ గ్రంథం, తిప్పతీగ కాండానికి చెప్పిన మోతాదు చూర్ణమైతే 3 నుంచి 6 గ్రాములు, కషాయానికైతే 20 నుంచి 30 గ్రాముల సరుకు. కషాయం కాచే పద్ధతిలో సరుకు మెత్తనిదైతే నాలుగింతల నీళ్లు, మధ్యరకమైతే ఎనిమిదింతలు, గట్టిదైతే పదహారింతలు పోసి నాలుగో వంతు మిగిలేదాకా మరిగించాలి. 20 గ్రాములకు ఎనిమిదింతలంటే 160 మిల్లీలీటర్లు, మిగిలేది 40. పదహారింతలు పోసినా మిగిలేది 80. చాయ్ గ్లాసు నిండా కూడా రాదు. ‘ఒక గ్లాసు’ అని రాసినప్పుడు అందులో ఎన్ని గ్రాముల తీగ, పచ్చిదా ఎండుదా, ఎంత మరిగించింది అన్నవేవీ లేకపోతే అది మోతాదు చెప్పినట్టు కాదు. పైగా ఇది వైద్యుడు మనిషిని చూసి కొన్నాళ్లకని రాసిచ్చే మందు. ఏడాది పొడుగునా పరగడుపున తాగడానికి ఆ లెక్క వర్తించదు.

ఏ భాగం అన్నదానికి అశ్వగంధ మంచి ఉదాహరణ. శాస్త్రంలో వాడమని చెప్పింది దాని వేరును. ఆకు చవకగా వస్తుంది, దాంట్లో కణాలను దెబ్బతీసే గుణమున్న వితాఫెరిన్-ఎ అనే పదార్థం ఎక్కువ. ఆకు వాడొద్దని 2021 అక్టోబరులో ఆయుష్ శాఖే తయారీదారులకు సూచన పంపింది. తర్వాత 2023లో డెన్మార్క్ అశ్వగంధను నిషేధించింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడు వేరు గురించా, ఆకు గురించా, నేరుగా పొడా, సారం తీసిన క్యాప్సూలా అని అడగడం మొదటి పని. పసుపుకూ అంతే. కూరలో వేసే అర చెంచా పసుపుతో భయం లేదు. కానీ పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపి క్యాప్సూల్ చేసినప్పుడు అది వేరే వస్తువవుతుంది. అమెరికాలో 2022లో వచ్చిన ఒక అధ్యయనం పసుపు మాత్రలతో లివర్ దెబ్బతిన్న 10 మంది గురించి చెప్పింది, వాళ్లలో ఎక్కువమందికి ఒకే రకం జన్యు లక్షణం ఉంది. దీన్ని ‘పసుపుతో లివర్‌కు ముప్పు’ అని శీర్షిక కట్టి పక్కన పసుపు కొమ్ముల ఫొటో వేస్తే, వంటింట్లో ఉన్న అమ్మ భయపడుతుంది, క్యాప్సూల్ మింగే కొడుకు మాత్రం తన గురించి కాదనుకుంటాడు.

మన తెలుగు చానళ్ల విషయానికొస్తే 2021 మే నెల మర్చిపోగలిగేది కాదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కని ఇచ్చిన ఆనందయ్య మందు కోసం జనం పోటెత్తారు, చానళ్లు పొద్దస్తమానం అదే చూపించాయి. మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలను పక్కన పెట్టి మిగతా వాటికి ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు వెనకున్న మాట ‘వాడితే హాని కనబడలేదు’ అన్నది. ‘కోవిడ్ తగ్గిస్తుందని తేలింది’ అన్న మాట అందులో లేదు. తెర మీదికి వచ్చేసరికి రెండూ ఒకటైపోయాయి. హాని లేదనడం వేరు, పని చేస్తుందనడం వేరు, అనుమతి ఉందనడం ఇంకా వేరు. ఆయుర్వేద మందు డబ్బా మీది లైసెన్సు నంబరు తయారు చేసుకోవడానికిచ్చిన అనుమతి. పాత ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న మందు కలయికైతే రోగుల మీద పరీక్ష చేసి చూపించకుండానే ఆ నంబరు వస్తుంది. ఈ మూడు మాటల్లో ఏది చెబుతున్నారో విడదీసి చెప్పిన యాంకరు నాకు కనబడలేదు.

చెప్పకపోవడానికి కారణం కూడా అదే పేపర్లో, అదే పేజీ కింది భాగంలో ఉంది. తిప్పతీగ వ్యాసం కిందే జ్యూస్ సీసా ప్రకటన. ఇంకో పేజీలో వార్తలాగే అచ్చయిన వ్యాసం, మూలన చీమంత అక్షరాల్లో ‘ప్రకటన’ అని, చివర ఫోన్ నంబరు. వ్యాసం చివర ఫోన్ నంబరుంటే అది వార్త కాదని తీర్మానించుకోవచ్చు. షుగర్, పక్షవాతం, క్యాన్సర్, కిడ్నీ రాళ్లు నయం చేస్తామని ప్రకటన వెయ్యడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. దాని పట్టికలో మొత్తం 54 జబ్బులున్నాయి. ఆయుర్వేద మందుల ప్రకటనకు ముందే రాష్ట్ర అధికారి అనుమతి ఉండాలని 2018 డిసెంబరులో మందుల నియమావళిలో 170వ నిబంధన తెచ్చారు. దాని కింద చర్యలు తీసుకోవద్దని 2023 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది, 2024 జూలైలో ఆ నిబంధననే తీసేసింది. తీసెయ్యడం మీద సుప్రీం కోర్టు ఆగస్టులో స్టే ఇచ్చింది. 2025 ఆగస్టులో కేసు ముగిసిపోయింది. ఆ కేసులో పతంజలి కంపెనీ తన ప్రకటనలకు క్షమాపణ ఎంత పెద్ద అక్షరాల్లో వేసిందన్నది మొదటి పేజీ వార్త అయింది గానీ, ఈ నిబంధన వచ్చిపోయిన కథ ఎంతమందికి తెలుసు?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది అసలు రాయని వార్త. ఈశ్వరి వేరు గురించి ఎప్పుడైనా ఏ చానలైనా చెప్పిందా? పాము కరిస్తే నూరి పోస్తారు, కడుపునొప్పికి పిల్లలకు కూడా ఇస్తారు. దాంట్లో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంది. మూత్రపిండాలు మెల్లగా ఎండిపోతాయి, మూత్రనాళాల్లో క్యాన్సర్ పుడుతుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు ఇదే జాతి మొక్క కలిసి వందకు పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ జాతి మొక్కలున్న మందులను 2002లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. తిప్పతీగ మీద ఢిల్లీ నుంచి ముంబై దాకా అంత వాదన జరిగిందంటే దాని వెనక పెద్ద మార్కెట్ ఉంది. ఈశ్వరికి సీసా లేదు, ప్రకటన లేదు, వాడేది అడవి అంచు పల్లెల్లో. అందుకే తిట్టేవాళ్లూ లేరు, పొగిడేవాళ్లూ లేరు. పాము కరిస్తే కావలసింది ఆసుపత్రిలో విషం విరుగుడు ఇంజెక్షను. వేరు నూరే గంటలో మనిషి ప్రాణం పోవచ్చు, బతికి బట్టకట్టినా కిడ్నీల మీద ఇంకో దెబ్బ మిగులుతుంది.

అలాగని మూలికలన్నీ పనికిరానివని రాసేవాళ్లతోనూ నేను ఏకీభవించను. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని ముంబై డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు, ప్రపంచమంతా దాన్ని వాడింది. దాంతో మనసు కుంగిపోయే ఇబ్బంది ఉందని కూడా తర్వాత వైద్యులే రాశారు. గుణమూ దోషమూ రెండూ రోగుల లెక్కతో రాశారు గనకే ఆ మందు గురించి ఇవాళ మనకు నమ్మకంగా తెలుసు.

సాయంత్రం పక్కింటి పిన్ని అడిగింది, ఆ తీగ తాగాలా వద్దా అని. ఆమెకు కీళ్లవాతం మాత్రలున్నాయి కాబట్టి వద్దనే జవాబు. ఇప్పటికే తాగుతున్నవాళ్లు కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఆకలి చచ్చిపోవడం, ఒళ్లు దురద కనబడితే వెంటనే ఆపి గ్రామీణ రుగ్ణాలయంలో (ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో) లివర్ పరీక్ష చేయించుకోవాలి. తాగినట్టు డాక్టరు దగ్గర దాచొద్దు. తిడతారని చాలామంది దాస్తారు, అక్కడే లెక్క తప్పిపోతుంది. మందుల దుష్ఫలితాలు తెలపడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరుంది, రోగి కూడా చెయ్యొచ్చు. ఏ రోజు మొదలుపెట్టింది, రోజుకెంత, ఇంకే మాత్రలు వాడుతున్నది రాసుకుని పోవాలి. సీసా అయితే సీసా, పొడి అయితే డబ్బా, పచ్చి తీగ అయితే మిగిలిన కాడను ఆకుతో సహా కాగితంలో చుట్టి తీసుకుపోవాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఏ తీగో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.