బోర్లా పడుకోలేని మనిషి

2021 మేలో, లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే కరోనాతో నన్ను నల్లగొండలో ఒక దవాఖానలో చేర్చారు. ఆక్సిజన్ 86కు పడిపోయింది. ఒక్క మాట పూర్తి చేయాలన్నా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది.

పక్క బెడ్డులో మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన. ఊపిరితిత్తులకు గాలి బాగా అందుతుందని నర్సమ్మ ఇద్దరినీ బోర్లా పడుకోమంది. నేను తిరిగాను, కాసేపటికి 91 చూపించింది. ఆయన వల్ల కాలేదు. "నా నడుము వంగది బిడ్డా, మెడ తిరగది" అన్నాడు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగి పెరిగిన మనిషి. వెన్ను కర్రలా బిగుసుకుపోయింది.

ఆ రాత్రి వార్డులో, ముక్కులోకి ఆక్సిజన్‌ను జోరుగా పంపే హై ఫ్లో మిషన్ ఒక్కటే ఖాళీ అయింది. నిండుగా పెడితే అది నిమిషానికి 60 లీటర్ల ఆక్సిజన్ లాగుతుంది. 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. అంత ఆక్సిజన్, ఐదేసి లీటర్లు చాలేవాళ్లకైతే పన్నెండుమందికి సరిపోతుంది. డాక్టర్లు ఎంత నలిగిపోయారో నాకు తెలుసు.

మిషన్ నాకు పెట్టారు. "మీరు కోలుకునే అవకాశం ఎక్కువ సార్" అన్నాడు డ్యూటీ డాక్టరు. పెద్దాయనను అంబులెన్సులో హైదరాబాద్ పంపారు. చౌటుప్పల్ దాటకముందే పోయాడని ఆయన కొడుకు తర్వాత ఫోన్‌లో చెప్పాడు.

నేను కోలుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం మాత్రం చాలాకాలం వదల్లేదు. ఆ ఆయాసంలో ఒకటే ఆలోచన. నాకు బోర్లా పడుకునే దారి ఒకటి ఉండింది. ఆయనకు మిషన్ తప్ప వేరే దారి లేదు. అయినా బిగుసుకున్న ఆ నడుమునే చూసి ఆయన బతకడం కష్టమని లెక్కేశారు. నీళ్లు చేసిన అన్యాయానికి మళ్లీ ఆయనే మూల్యం కట్టాడు. 2020 మార్చిలో బ్రిటన్‌లోనూ ఐసీయూ నిర్ణయాలకు మనిషి బలహీనతను కొలిచే స్కోరు పెట్టారు. వికలాంగుల సంఘాలు నిలదీస్తే, స్థిరమైన వైకల్యం ఉన్నవాళ్లకు దాన్ని వాడొద్దని రోజుల్లోనే సవరించారు.

చెకప్‌కు వెళ్లినప్పుడు అదే డాక్టరును అడిగాను, ఎవరికి ముందు పెట్టాలో రాసిన కాగితం ఏదైనా ఉండెనా అని.

"లేదు సార్. ఆ రాత్రి నేనొక్కడినే ఉన్న."

ఆ కాగితం ఇప్పుడే రాయాలి. ఫ్లోరైడ్ నీళ్ల బాధ తెలిసిన మర్రిగూడ, మునుగోడు ఊళ్లవాళ్లను కూర్చోబెట్టుకుని రాయాలి. బోర్లా పడుకోలేనివారిని ముందు చూడాలన్న వాక్యం అందులో ఉండాలి.