ఇంజిన్ ఎక్కింది, బ్రేక్ పోయింది

నిన్న రాత్రి మా పాత పికప్ మొదటిసారి డీజిల్ ఇంజిన్‌తో స్టార్ట్ అయింది. పెట్రోల్ ఇంజిన్ దించేసి, 3.9 లీటర్ల కమ్మిన్స్ 4బీటీ ఎక్కించడానికి ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్కపెట్టడం మానేశాను.

ఇంజిన్ కూర్చోబెట్టడమే పెద్ద పని అనుకున్నాను. కాదు. దాదాపు 340 కిలోల ఇనుము అది, బండిలోకి దించగానే బండి ముక్కు నేలకి మొక్కింది. ముందు గట్టి స్ప్రింగులు వేయక తప్పలేదు. ఇంజిన్ వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లడానికి ట్యాంకుకి రిటర్న్ లైను కూడా కొత్తగా లాగాల్సి వచ్చింది.

లైన్లలో గాలి తీయడం మాత్రం భలే ఉంటుంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడుతుంటే ముందు నురగ, తర్వాత చిక్కగా డీజిల్ చిమ్మింది. ఒక్కో నట్టు బిగిస్తుంటే ఒక్కో సిలిండర్ అందుకుంది. ఇంజిన్ వేగం చూపే పాత ఆర్‌పీఎం మీటరు లెక్కపెట్టేది పెట్రోల్ ఇంజిన్ స్పార్క్‌ని; డీజిల్‌లో స్పార్క్ లేదు కదా, దాని ముల్లు సున్నా దగ్గరే పడుకుంది.

ఆ సంబరంలో షెడ్డులోంచి వెనక్కి తీశాను. బ్రేక్ పెడల్ రాయిలా ఉంది! రెండు కాళ్లతో తొక్కితే గోడకి జానెడు దూరంలో ఆగింది. పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ మూసినప్పుడు పుట్టే వాక్యూమ్ మీదే, మన కాలి బలాన్ని పెంచి బ్రేక్‌కి అందించే బూస్టర్ బతుకుతుంది. ఈ డీజిల్‌లో గాలిని ఆపే ఆ థ్రాటిలే లేదు, ఇక వాక్యూమ్ ఎక్కడిది? వేరే పంపు పెట్టాలి. తెలియని సంగతేం కాదు, తొందరలో వదిలేశాను.

పంపు వచ్చేదాకా బండి కదలదు. చక్రాల కింద రాళ్లు పెట్టేశాను.