నొక్కని బటన్

2018 జనవరిలో యూట్యూబ్ తన భాగస్వాముల నిబంధనలు మార్చింది. ఛానెల్‌కి వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉంటేనే ప్రకటనల ఆదాయంలో వాటా అంది. చిన్న ఛానెళ్లవాళ్లు చాలామంది ఆ వారం దిగులుపడ్డారు. నా ఛానెల్ ఆ రెండు లెక్కలూ అప్పటికే దాటేసింది. దరఖాస్తు చేసుకోమని స్క్రీన్ మీద బటన్ కనిపించేది. వీడియో ఎక్కించిన ప్రతిసారీ దాన్ని చూసేవాణ్ణి. మూడేళ్లకు పైగా చూశాను కానీ నొక్కలేదు.

కారణం హెచ్‌-1బి వీసా. ఆ వీసా మీద అమెరికాలో ఉన్నవాడు, ఏ కంపెనీ అతని కోసం దరఖాస్తు పెట్టిందో ఆ కంపెనీ దగ్గరే పనిచేయాలి. ఇంకొకరి దగ్గర పని చేయాలంటే వాళ్లు వేరే దరఖాస్తు పెట్టాలి. సరదాగా రాసుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. దానిమీద డబ్బు వచ్చిందా, అది అనుమతిలేని పని కింద లెక్కకొచ్చే ప్రమాదం. మా లాయరు ఒకే మాట చెప్పింది: “ఎంత చిన్న మొత్తమైనా ముట్టుకోకండి.”

నేను 2010లో చదువుకోడానికి వచ్చాను. 2012లో ఒక మార్కెటింగ్ ఏజెన్సీలో చేరాను. పగలు అక్కడ క్లయింట్ల ప్రకటనల లెక్కలు చూడటం నా ఉద్యోగం. ఏ ప్రకటనకి ఎంత ఖర్చయింది, ఎంతమంది చూశారు, ఎంతమంది కొన్నారు, ఇవే లెక్కలు. 2013 నుంచి రాత్రిపూట సోషల్ మీడియా మీద, డిజిటల్ మార్కెటింగ్ మీద వ్యాఖ్యానం రాయడం మొదలుపెట్టాను. వారానికొక న్యూస్‌లెటర్, తర్వాత వీడియోలు. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా అమ్మ అడిగేది, “అంతమంది చూస్తున్నారంటున్నావు, డబ్బులేమీ రావా నాయనా?” రావమ్మా అనేవాణ్ణి. ఎందుకు రావో చెప్పడం మొదలుపెడితే వీసా దగ్గరికి వెళ్తుంది, వీసా మాటెత్తితే ఆవిడకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఈ పని బయటినుంచి చూసేవాళ్లకి అభిప్రాయాలు చెప్పడంలా కనిపిస్తుంది. అందులో నూటికి తొంభై పాళ్లు చదవడమే. కాలిఫోర్నియాలో పొద్దున ఏదో ఒక సంస్థ ప్రకటన చేస్తుంది. మధ్యాహ్నానికి విలేకరులు ఏం జరిగిందో రాసేస్తారు. దానివల్ల నెలకి కొద్దిపాటి డాలర్లు ప్రకటనల మీద పెట్టే చిన్న వ్యాపారికి ఏమవుతుందో చెప్పాల్సింది వ్యాఖ్యాత. అందుకోసం నేను ఈ సంస్థల సహాయ పేజీలన్నీ తేదీ వేసి దాచుకునేవాణ్ణి. మార్పు వచ్చిన రోజు పాత కాపీ, కొత్త కాపీ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చదివేవాణ్ణి. ఒక్కోసారి మారేది ఒకే మాట. ఆ ఒక్క మాటలోనే విషయమంతా ఉండేది.

‘వ్యూ’ అన్న మాటనే తీసుకోండి. ఫేస్‌బుక్‌లో అప్పట్లో వీడియో మూడు సెకన్లు ఆడితే ఒక వ్యూ. యూట్యూబ్‌లో దాటేసే వీలున్న ప్రకటనకి ముప్పై సెకన్లు చూడాలి, లేదా ప్రకటన అంతకంటే చిన్నదైతే చివరిదాకా చూడాలి, లేదా దానిమీద నొక్కాలి. అమెరికాలో ఇలాంటి కొలతలకు ప్రమాణాలు పెట్టే మీడియా రేటింగ్ కౌన్సిల్ లెక్క ఇంకోటి: వీడియో ప్రకటనలో సగం పిక్సెల్స్ తెర మీద వరసగా రెండు సెకన్లు కనిపిస్తే చాలు, అది చూడదగ్గ ప్రకటన. వీటన్నిటినీ ఒకే పట్టికలో పక్కపక్క గళ్లలో పెట్టి, “అక్కడ లక్ష, ఇక్కడ పదివేలు” అని పోల్చుకునే వ్యాపారులు కోకొల్లలు. వాళ్లకి తేడా చెప్పేవాళ్లు కావాలి. ఈ పని మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

నేను చేసిన పెద్ద తప్పు కూడా అక్కడే జరిగింది.

2015లో ఫేస్‌బుక్ వీడియో అంకెలు చూసి ముచ్చటపడి, రాత పక్కన పెట్టి వీడియో మీద డబ్బు పెట్టండని నా పాఠకులకి చెప్పాను. ఒకసారి కాదు, కనీసం ఆరేడు సంచికల్లో. 2016 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ తనంతట తానే ఒప్పుకుంది, సగటున ఒక వీడియోని ఎంతసేపు చూస్తున్నారన్న అంకెని రెండేళ్లుగా ఎక్కువ చేసి చూపించామని. పొరపాటు ఎక్కడంటే భాగహారంలో. ఉదాహరణకి పదిమంది ముందు వీడియో ఆడిందనుకోండి. ఆరుగురు ఒక్కో సెకను చూసి పైకి జరిపేశారు. నలుగురు పదేసి సెకన్లు చూశారు. మొత్తం 46 సెకన్లు. పదిమందితో భాగిస్తే సగటు 4.6 సెకన్లు. మూడు సెకన్లు దాటిన నలుగురితోనే భాగిస్తే 11.5. ఆ రెండోదే ప్రకటనదారులకి కనిపించింది.

వాళ్ల తప్పు వాళ్లు చెప్పుకున్నారు, నాది నాకుంది. రోజంతా అంకెలతో బతికేవాణ్ణి, ‘సగటు’ అన్న మాట చూసినప్పుడు దేనితో భాగించారని ఒక్కసారీ అడగలేదు. ఆ వారం ఒక పాఠకుడు రాశాడు. చిన్న కంపెనీ నడుపుతాడు. నా మాట మీద ఇద్దరు రచయితల్ని పంపించేసి కెమెరాలు కొన్నాడట. తిట్టలేదు. “తర్వాతి సంచికలో దీని గురించి రాస్తావా?” అని మాత్రం అడిగాడు. రాశాను. ఆ రోజే ఒక ఎక్సెల్ పట్టిక తెరిచాను. మొదటి గడిలో నేను చెప్పింది, రెండో గడిలో చెప్పిన తేదీ, మూడో గడిలో జరిగింది. అప్పటినుంచి ఆరు నెలలకొకసారి దాన్ని పాఠకుల ముందు పెడుతున్నాను.

ఆ పట్టికలో అన్నిటికంటే ఎక్కువసార్లు దిద్దిన వరస కుకీలది. మనం ఒక సైట్ చూస్తుంటే ఇంకో సంస్థ మన వెంటపడి గుర్తుపట్టే థర్డ్ పార్టీ కుకీలని రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో గూగుల్ క్రోమ్ చెప్పింది. నమ్మాను, సిద్ధమవ్వండని చెప్పాను. 2021లో వాయిదా, 2022లో వాయిదా, 2024 ఏప్రిల్‌లో ఇంకో వాయిదా. అదే ఏడాది జులైలో అసలు తీసేయడం లేదన్నారు. నాలుగు కొట్టివేతలు ఆ గడిలో అలాగే ఉన్నాయి. యాపిల్ విషయంలో మాత్రం నా అంచనా నిలిచింది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో, ఏ యాప్ అయినా ఇతర యాప్‌లలో మనల్ని వెంబడించాలంటే ముందు మన అనుమతి అడగాలన్న నియమం వచ్చింది. దెబ్బ పెద్దదే ఉంటుందని రాశాను. మరుసటేడు ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, ఆ ఏడాది దానివల్ల సుమారు వెయ్యికోట్ల డాలర్ల ఆదాయం తగ్గొచ్చని చెప్పింది.

గొంతు సంగతి కూడా చెప్పాలి. మన తెలుగులో ‘వ’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో రెండున్నాయి, V ఒకటి, W ఒకటి. ఆరు సెకన్ల వీడియోల యాప్ వైన్ (Vine) మూసేస్తున్నారని 2016 అక్టోబర్‌లో ప్రకటన వచ్చినప్పుడు నేనొక వీడియో చేశాను. కింద దానంతటదే వచ్చిన క్యాప్షన్లలో, నేను ఆ పేరెత్తిన ప్రతిచోటా ద్రాక్షసారా (wine) పడింది. రాత్రి రెండింటిదాకా కూర్చుని ఒక్కొక్క వరసా దిద్దాను. అప్పటినుంచి క్యాప్షన్లు నేనే రాస్తున్నాను. అద్దం ముందు నిలబడి కిందిపెదవికి పళ్లు ఆనించి ఆ V అక్షరం పలకడం నేర్చుకున్నాను. ముప్పై దాటాక ఒక అక్షరం నేర్చుకోవడం తేలిక కాదు. కానీ నా మాట చిన్న వ్యాపారికి చేరాలంటే అది అవసరం.

2018 జనవరి 11న ఫేస్‌బుక్ తన న్యూస్‌ఫీడ్ పద్ధతి మార్చింది. ఇకమీదట స్నేహితులు, బంధువులు పెట్టేవి ఎక్కువ, వ్యాపారాల పేజీలు పెట్టేవి తక్కువ కనిపిస్తాయంది. పేజీకి ఫాలోవర్లని పోగుచేయడానికి ఇంక డబ్బు తగలేయకండని ఆ రాత్రే రాశాను. నేను పనిచేసే ఏజెన్సీ అప్పట్లో అమ్ముతున్నదే అది: నెలకింత అని పేజీ నడిపిపెట్టడం.

మర్నాడు మధ్యాహ్నం మేనేజర్ చిన్న గదిలోకి పిలిచాడు. బల్ల మీద నా న్యూస్‌లెటర్ ప్రింటు తీసి ఉంది, ఒక పేరా చుట్టూ పెన్నుతో గీత. “ఇది నువ్వు మా ఉద్యోగిగా రాశావా?” అన్నాడు. కోపంగా అడగలేదు. నా కళ్లు ఆ పేరా మీద ఉన్నాయి, మనసులో మాత్రం అరవై అన్న అంకె తిరుగుతోంది. హెచ్‌-1బి వాడి ఉద్యోగం పోతే అరవై రోజుల్లోపు ఇంకో కంపెనీ అతని పేరుమీద దరఖాస్తు పెట్టాలి, లేదా ఇంకో దారి చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. ఆ అరవై రోజుల వెసులుబాటు కూడా 2017 జనవరిలోనే వచ్చింది. ఇంటి అద్దె ఒప్పందం ఇంకా ఎన్ని నెలలుందో లెక్కపెట్టుకుంటున్నాను, ఆయన జవాబు కోసం చూస్తున్నాడు.

“కాదు, నా సొంతంగా రాశాను, కానీ నిజమే రాశాను” అన్నాను. ఆయన కాసేపు ఆగి, “నిజమేనని నాకూ తెలుసు” అన్నాడు. చివరికి కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం. మా క్లయింట్ల గురించి రాయకూడదు. ఉద్యోగంలో తెలిసిన అంకెలు వాడకూడదు. అభిప్రాయాలు సొంతవని పైన వేయాలి. మిగతాదంతా నా ఇష్టం. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను. అయితే ఆ తర్వాత చాలా నెలలు, ప్రతి సంచిక పంపేముందు ఆ అరవై గుర్తొచ్చేది. గుర్తొచ్చి కొన్ని వాక్యాలు మెత్తబడ్డాయి. అవెక్కడున్నాయో నాకు తెలుసు.

సభల్లో మాట్లాడమని పిలుపులు రావడం మొదలైంది. ఫీజు వద్దని ముందే చెప్పేవాణ్ణి. ఒకచోట మాట్లాడి దిగాక నిర్వాహకురాలు చేతిలో కవరు పెట్టింది. తెరిస్తే వంద డాలర్ల గిఫ్ట్‌కార్డు, చేత్తో రాసిన కృతజ్ఞత. తిరిగిచ్చాను. తక్కువైందని ఇస్తున్నాననుకుని ఆవిడ మొహం ఎర్రబడింది. వీసా సంగతి చెప్పడానికి నోరు రాలేదు. కృతజ్ఞత కార్డు మాత్రం ఉంచుకున్నాను, ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

గ్రీన్‌కార్డు వరసలో ఎవరి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం ప్రతి నెలా వీసా బులెటిన్‌లో చెబుతుంది. 2020 అక్టోబర్ వీసా బులెటిన్‌లో ఈబీ-3 అనే ఉద్యోగాల కోటా కింద మనవాళ్లు గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెట్టుకోగల తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకింది. ఆ వరసలో నేను చేరిన తేదీ, అంటే ప్రయారిటీ డేట్, 2014ది. ఏళ్లతరబడి ఎదురుచూసినవాళ్లం ఎంతోమందిమి ఆ నెలలో వైద్యపరీక్షలకీ ఫోటోలకీ పరుగెత్తాం. 2021 వేసవిలో ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, చేతికొచ్చింది. ఎక్కడైనా, ఎవరి దగ్గరైనా పనిచేయొచ్చు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి బటన్ నొక్కాను. నొక్కాక అమ్మకి ఫోన్ చేశాను.

నెల తిరక్కుండా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసింది, తమ టూల్ మీద వీడియో చేస్తే డబ్బిస్తామని. ఇక్కడ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఒకటుంది. డబ్బు తీసుకుని ఒక వస్తువు గురించి మాట్లాడితే, ఆ సంగతి చూసేవాడి కంటపడేలా స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క వాక్యం రాయడానికి కూర్చుంటే చేయి ఆడలేదు. ఎనిమిదేళ్లలో దాని అవసరం రాలేదు. చివరికి ఆ వీడియో చేయలేదు. నేను తూకం వేయాల్సిన సంస్థల డబ్బు ముట్టుకోననీ, ప్రకటనల వాటా, ఉపన్యాసాల ఫీజు మాత్రం తీసుకుంటాననీ నిర్ణయించుకుని పాఠకులకి చెప్పాను.

జవాబులు వచ్చాయి. ఎక్కువ మంది సంతోషించారు. ఒక పాఠకురాలు మాత్రం ఇలా రాసింది: “ఇన్నేళ్లూ పైసా తీసుకోకుండా రాశారని మీ మాటకి విలువిచ్చాను. ఇప్పుడేం మారింది?”

ఆ ప్రశ్న రెండు వారాలు నన్ను వదల్లేదు. డబ్బు తీసుకోకపోవడం నా వ్రతమని నేనెప్పుడూ అనలేదు. కాదనీ అనలేదు. వాళ్లు నా నిజాయితీ అనుకున్నది నా వీసా. వాళ్లలా అనుకుంటున్నారని నాకు తెలుసు, తెలిసి ఊరుకున్నాను, ఎందుకంటే అది నాకు గౌరవం తెచ్చింది. అంకెల్లో దాచినవాటిని బయటపెట్టడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, నా గురించిన ముఖ్యమైన అంకెని దాచాను.

తర్వాతి సంచికలో మొత్తం రాశాను. హెచ్‌-1బి, గిఫ్ట్‌కార్డు, చిన్న గది, మెత్తబడిన వాక్యాలు ఏ సంచికల్లో ఉన్నాయో కూడా. ఆ పాఠకురాలు మళ్లీ రాయలేదు, కానీ చందా మానలేదు.

పోయిన నెల ఇక్కడ చదువుకుంటున్న కుర్రాడొకడు సందేశం పెట్టాడు. “అన్నా, మార్కెటింగ్ మీద ఛానెల్ పెడదామనుకుంటున్నా. స్టూడెంట్ వీసా మీదున్నా. పెట్టొచ్చా?” డబ్బు జోలికి వెళ్లేముందు లాయర్ని కలవమన్నాను. సహాయ పేజీలు తేదీ వేసి దాచుకోమన్నాను. డబ్బెందుకు తీసుకోవడం లేదో మొదటి వీడియోలోనే చెప్పేయమన్నాను తమ్ముడికి.

“అది చెప్తే చూసేవాళ్లు తగ్గిపోరా అన్నా?” అన్నాడు.

నేను చెప్పిన వారం రెండొందలమంది వెళ్లిపోయారు. ఆ సంగతే రాసి పంపాను.