కొండవాలు గ్రావెల్‌లో చెట్లు: ఎండకీ తుఫానుకీ కలిపి ఎంచుకున్న తీరు

విశాఖలో మధురవాడ వైపు కొండవాలులో ఉన్న లేఅవుట్ ఉమ్మడి స్థలానికి చెట్లు ఎంపిక చేసే పని నాది. విశాఖ ఎడారేమీ కాదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అయితే అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపే అయిపోతుంది. ఆ తర్వాత మే దాకా ఖోండలైటు రాయి చివికిన ఈ గ్రావెల్‌లో తడన్నది ఉండదు. అందుకే ఎడారి నేలలకు చెట్లు ఎంచే లెక్కతోనే మొదలుపెట్టాను. ఎడారిలో లేని ఒక చిక్కు మాత్రం మనకుంది, తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊళ్లో చెట్లను ఎలా పడగొట్టిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండకి తట్టుకున్నా గాలికి నిలవని చెట్టు మనకు పనికిరాదు. రెండిటికీ కావలసింది లోతుగా దిగే వేళ్లే.

ఈ జల్లెడలో ముందు పోయింది ఎర్ర తురాయి. నీళ్లు లేకపోయినా బతుకుతుంది గానీ వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, కొమ్మ పెళుసు. పచ్చ తురాయి, నిద్రగన్నేరు, ఆస్ట్రేలియా తుమ్మ కూడా అందుకే తీసేశాను. కోనోకార్పస్ కావాలని అడిగేవాళ్లు చాలామంది. ఉప్పుకీ ఎండకీ ఓర్చుకుంటుంది, త్వరగా పచ్చబడుతుంది, నిజమే. కానీ వేళ్లు డ్రైనేజీ పైపుల్లో దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడమే నిషేధించింది. సర్కారు తుమ్మ సంగతి సరేసరి, నాటకుండానే వస్తుంది, పీకినా పోదు.

మొక్క పేరు అనుకునే ముందు గొయ్యి పరీక్ష చేయాలి. రెండడుగుల లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వాలి. మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో చూడాలి. అంగుళం కూడా దిగకపోతే కింద గట్టి పొర ఉన్నట్టు. అక్కడ వానాకాలంలో వేరు కుళ్లుతుంది. ఆరంగుళాలు దాటితే నీరు నిలవని నేల. ఒకే లేఅవుట్‌లో పైభాగం, కిందిభాగం రెండు రకాలుగా ఉంటాయి, కాబట్టి మూడు నాలుగు చోట్ల చూడాలి. బోరు నీళ్లకు ఈసీ పరీక్ష, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే పరీక్ష కూడా చేయించాలి. మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపుంటే నిశ్చింత, 3 దాటితే ఉప్పుకి ఓర్చే జాతులే వేయాలి.

నీరు త్వరగా దిగిపోయే పైవాలుకి జమ్మి. గల్ఫ్‌లో ‘గాఫ్’ అనీ, రాజస్థాన్‌లో ‘ఖేజ్రీ’ అనీ పిలిచేది మన దసరా జమ్మినే. దాని తల్లివేరు 30 మీటర్ల దాకా దిగగలదు. పెరుగుదల మాత్రం బాగా నెమ్మది, రెండేళ్ల పాటు నేల పైన ఎదుగుదల ఏమీ కనిపించకపోయినా కంగారుపడకూడదు. దాని పక్కన పాలపండ్ల చెట్టు. అదీ నెమ్మదే, కానీ మన తీరపు పొడి అడవుల్లో పుట్టిన గట్టి చెట్టు. తడి కాస్త ఎక్కువసేపు ఉండే దిగువకి కానుగ. ఆకుల మీద బుడిపెలు వస్తాయి, చూడ్డానికి బాగోవు గానీ చెట్టుకి ప్రమాదం లేదు. సముద్రపు గాలి నేరుగా తగిలే వైపు పొన్న. పూలకి రేల. కరెంటు తీగల కింద మాత్రం తంగేడు తప్ప ఇంకేమీ వేయొద్దు. సరిహద్దుకి తాటి టెంకలు అక్కడే పాతిపెట్టాలి, తాటిని పీకి మళ్లీ నాటడం కుదరదు. తేగల కోసం తవ్వేవాళ్ల నుంచి కాపాడుకోవడం వేరే పని.

వేప వేయకుండా ఎవరూ ఒప్పుకోరు, వేయాలి కూడా. కానీ మొత్తంలో మూడో వంతు మించనివ్వలేదు. 2021 చివరి నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లో వేపకి కొమ్మ చివర్లు ఎండే తెగులు వచ్చింది. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి గానీ, స్థలమంతా ఒకే జాతి ఉంటే ఒకే తెగులుకి అంతా బోడిగా మిగులుతుంది.

నర్సరీలో ధర ఎత్తుని బట్టి చెబుతారు. ఎత్తు చూడొద్దు. రెండు మూడు అడుగుల మొక్క, బొటనవేలు కంటే సన్నని కాండం చాలు. కవరు చించి వేళ్లు చూడనివ్వమనాలి. అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క పెద్దయ్యాక తన వేరే తనకు ఉరి అవుతుంది, గాలికి మొదట పడేది అదే. జమ్మికి ఏడాది దాటని మొక్కే కావాలి.

గొయ్యి రెండడుగులు, గ్రావెల్ బాగా గట్టిగా ఉంటే మూడు. గోడలు నున్నగా వదలకూడదు, గునపంతో గాట్లు పెట్టాలి. నున్నటి గోతిలో మెత్తటి ఎరువుమట్టి నింపితే వేరు ఆ తొట్టి దాటి బయటకు పోదు. అందుకే తవ్విన మట్టినే మూడొంతులు వాడి, పశువుల ఎరువు ఒక వంతు కలిపాను. చెదలకి గొయ్యికి పావుకిలో వేపపిండి. వాలు కింది వైపు అర్ధచంద్రాకారంగా కట్ట వేస్తే వాననీరు మొక్క దగ్గరే ఆగుతుంది. పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు గానీ కొబ్బరిపీచు గానీ కప్పాలి, కాండానికి మాత్రం తగలనీయొద్దు.

నాటడానికి జూలై మంచిది. డిసెంబరులోపు వేరు పట్టు దొరకాలి. కర్రకి కట్టేటప్పుడు మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర, వదులుగా కట్టాలి. గాలికి కాస్త ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఏడాదికి కర్ర తీసేయాలి.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. రోజూ చెంబుడు పోస్తే వేరు పైనే ఉండిపోతుంది. మొదటి ఎండాకాలం వారానికోసారి 20 లీటర్లు, నెమ్మదిగా ఇంకేలా. రెండో ఏడు పదిహేను రోజులకోసారి అంతకు రెట్టింపు, మూడో ఏడు నెలకోసారి, ఆపైన మానేయడమే. మార్చిలో కానుగ ఆకు రాలిస్తే ఎండిపోతోందని ట్యాంకరు పిలుస్తారు. అది ఏటా రాల్చేదే, కొన్నాళ్లకు లేతాకు వేస్తుంది. కాండం మీద గోటితో గీరి చూడండి, కింద పచ్చగా ఉంటే ఊరుకోవచ్చు.

సెప్టెంబరులో, తుఫాన్ల కాలానికి ముందు, లోపలి కొమ్మలు కొన్ని తీసి గాలికి దారి ఇవ్వాలి. తల నరికించొద్దు. నరికినచోట గుత్తిగా వచ్చే కొత్త కొమ్మలకు కాండంతో పట్టుండదు, మొదటి పెద్ద గాలికే విరిగి తీగల మీద పడతాయి.